‘అమెరికాలో గంజాయి లీగల్, వీసాకు ఏమీ కాదు’ అన్న మాట నమ్మకండి

"అమెరికాలో 24 రాష్ట్రాల్లో గంజాయి లీగల్. షాపులో బిల్లు ఇచ్చి మరీ అమ్ముతారు. మిగతా రాష్ట్రాల్లో పట్టుబడినా చిన్న ఫైన్ కట్టేస్తే సరి. కేసు కొట్టేస్తే రికార్డు కూడా ఉండదు. వీసాకూ దీనికీ సంబంధం లేదు, టెన్షన్ పడొద్దు." ఎమ్మెస్‌కి వెళ్ళే పిల్లల గ్రూపుల్లో ఈ సందేశం తెగ తిరుగుతోంది. ఇందులో మొదటి రెండు ముక్కలు నిజం. వాటిని చూసి తక్కినవీ నమ్మేస్తున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

24 రాష్ట్రాల మాట సరే. 2012లో కొలరాడో, వాషింగ్టన్ ఓటర్లతో మొదలై అక్కడిదాకా వచ్చింది. కానీ లీగల్ అంటే 21 ఏళ్ళు నిండినవాళ్ళకు, చట్టం చెప్పిన పరిమాణం వరకే. మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఎడిసన్, జెర్సీ సిటీలనే చూడండి. న్యూజెర్సీలో ఆరు ఔన్సుల (ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు) వరకు దగ్గర ఉంచుకోవచ్చు. అదే ఇంట్లో కుండీలో ఒక్క మొక్క పెంచితే మాత్రం మూడు నుంచి ఐదేళ్ళ జైలుశిక్ష పడగల నేరం. ఇల్లినాయిలో స్థానికుడికి 30 గ్రాములు, బయటి రాష్ట్రం నుంచి వచ్చినవాడికి 15 గ్రాములే. కొలరాడోలో కొనుక్కున్నది రోడ్డు మీద కాల్చకూడదు.

"మిగతా చోట్ల చిన్న ఫైన్" అన్నది అన్ని రాష్ట్రాలకూ వర్తించదు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టూ తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చెప్పక్కర్లేదు. ఆ టెక్సస్‌లో రెండు ఔన్సుల లోపు గంజాయి దొరికితే 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా. నాలుగు ఔన్సులు దాటితే ఫెలనీ, అంటే పెద్ద నేరం కిందికి వస్తుంది.

అసలు ప్రమాదం గమ్మీలతో, అంటే గంజాయి మత్తు కలిపిన జెల్లీ మిఠాయిలతో. కొలరాడోలో షాపులో కొన్న పది గమ్మీల ప్యాకెట్‌లో మత్తు పదార్థం, అంటే టీహెచ్‌సీ, మొత్తం 100 మిల్లీగ్రాములు. టెక్సస్ చట్టం దీన్ని ఆకు గంజాయితో సమానంగా చూడదు, వేరే కేటగిరీలో పెట్టి ఇంకా కఠినంగా శిక్షిస్తుంది. పైగా తూచేది అందులోని టీహెచ్‌సీని కాదు. చక్కెర, జెలటిన్‌తో కలిపి మొత్తం బరువు లెక్కేస్తారు. నాలుగు గ్రాముల నుంచి 400 గ్రాముల లోపైతే సెకండ్ డిగ్రీ ఫెలనీ: రెండు నుంచి 20 ఏళ్ళు. మిఠాయిలా ఉందని బ్యాగు పక్క జేబులో పడేసి మర్చిపోయిన ప్యాకెట్ ఈ కేసు తెచ్చిపెడుతుంది. ప్రతి ఒక్కరికీ అంత శిక్ష పడుతుందని కాదు. కానీ అరెస్టు, బెయిలు, లాయరు ఫీజు తప్పవు.

అట్లాంటా వైపు ఉన్నవాళ్ళకు: జార్జియాలో ఔన్సు దాటితే ఏడాది నుంచి పదేళ్ళు.

ఇక "బిల్లుంది కదా" అనే ధైర్యం. ఆ బిల్లు రాష్ట్ర చట్టం దగ్గరే చెల్లుతుంది. 1970 నాటి ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ, చట్టంలోని నియంత్రిత పదార్థాల జాబితాలో గంజాయి ఇప్పటికీ ఉంది. లీగల్ రాష్ట్రం నుంచి పక్కనే ఉన్న ఇంకో లీగల్ రాష్ట్రానికి తీసుకెళ్ళినా ఫెడరల్ నేరమే. యోసెమిటీ నేషనల్ పార్కు లీగల్ రాష్ట్రమైన కాలిఫోర్నియాలోనే ఉన్నా అది ఫెడరల్ భూమి, అక్కడ ఫెడరల్ చట్టమే వర్తిస్తుంది. టెక్సస్‌లో ఐ-10 హైవే మీద సియెరా బ్లాంకా దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంది. దేశం దాటకుండా రోడ్ ట్రిప్‌లో వెళ్ళే కార్లను కూడా అక్కడ కుక్కలు వాసన చూస్తాయి. గంజాయిని తక్కువ తీవ్రత గల మూడో షెడ్యూల్‌కు మార్చాలని 2024లో ప్రతిపాదన వచ్చింది కదా అని కొందరంటారు. ఏ షెడ్యూల్‌లో పెట్టినా అది నియంత్రిత పదార్థమే. ఇమిగ్రేషన్ చట్టానికి ఆ జాబితాలో ఉంటే చాలు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది "వీసాకు సంబంధం లేదు" అన్న మాట. వీసా కోసం నింపే డీఎస్-160 ఫారంలోనే, నియంత్రిత పదార్థాలకు సంబంధించిన ఏ చట్టాన్నయినా ఎప్పుడైనా ఉల్లంఘించారా అని అడుగుతారు. అబద్ధం చెప్పి దొరికితే అమెరికా గడప తొక్కకుండా శాశ్వత నిషేధం పడవచ్చు. నిజం చెబితే ఇంకో చిక్కు: కోర్టులో శిక్ష పడకపోయినా, నేరం చేశానని అధికారి ముందు ఒప్పుకోవడమే ప్రవేశం నిరాకరించడానికి ఆధారం కాగలదు. సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు పోర్ట్ ఆఫ్ ఎంట్రీలో, అంటే అమెరికాలో దిగగానే జరిగే తనిఖీలో, ఫోన్ తెరిచి ఫొటోలూ చూడగలరు. 30 గ్రాముల లోపు ఒక్కసారికి మినహాయింపు ఉందనేవాళ్ళు సగమే చెబుతున్నారు. అది దేశం నుంచి పంపేయడానికి సంబంధించిన మినహాయింపు. బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావడానికి పనికిరాదు. అక్క పెళ్ళికని వచ్చిన పిల్లవాడు వీసా స్టాంపింగ్ దొరక్క హైదరాబాద్‌లోనే ఆగిపోవచ్చు.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళూ నిశ్చింతగా ఉండడానికి లేదు. గంజాయి దుకాణంలో ఉద్యోగం, రాష్ట్రంలో లీగలే అయినా, పౌరసత్వానికి అడ్డు రావచ్చని 2019లోనే ఇమిగ్రేషన్ శాఖ స్పష్టంగా చెప్పింది.

చివరిది, "కేసు కొట్టేస్తే రికార్డు ఉండదు". ఇమిగ్రేషన్ చట్టంలో శిక్షకు వేరే లెక్క ఉంది. నేరం ఒప్పుకుని, కోర్టు ఏదో ఒక షరతు పెట్టిందంటే, తర్వాత కేసు మూసేసినా అది శిక్ష కిందే లెక్క. టెక్సస్‌లో చాలామంది తీసుకునే డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇలాంటిదే. నేరం ఒప్పుకుంటే ఏమవుతుందో, కెంటకీలో పట్టుబడ్డ హోజే పడిల్లా అనే ట్రక్కు డ్రైవరు కేసు చూడండి. 40 ఏళ్ళకు పైగా గ్రీన్ కార్డు మీద ఉన్న మనిషి, వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉన్నావు, ఇమిగ్రేషన్ గురించి భయం లేదని లాయరు చెప్పిన మాట నమ్మి గంజాయి రవాణా నేరం ఒప్పుకున్నాడు. డిపోర్టేషన్ ముప్పు వచ్చింది. ఆ కేసులోనే 2010లో సుప్రీంకోర్టు, నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందో లేదో క్లయింటుకు చెప్పడం లాయరు బాధ్యత అని తీర్పిచ్చింది.

కాబట్టి ఎవరైనా ఇప్పటికే ఇరుక్కుని ఉంటే, ప్లీ కాగితం, అంటే నేరం ఒప్పుకునే పత్రం, మీద సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి. నేరం ఒప్పుకోకుండా ముగించే డైవర్షన్ ప్రోగ్రామ్ ఉందేమో అడగండి. డైవర్షన్ అని చెప్పి రాతపూర్వకంగా నేరం ఒప్పించుకునే కౌంటీలూ ఉంటాయి, ఆ ఒక్క వాక్యం కాగితంలో ఉందో లేదో చూసుకోండి.