టాపెట్ టిక్‌టిక్ గారికి బహిరంగ లేఖ

బైకు ఇంజన్లో వాల్వుల దగ్గర టిక్ టిక్ మనే మహారాజశ్రీ టాపెట్ టిక్‌టిక్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ కుశలం అడగక్కర్లేదు, సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడల్లా వినబడుతూనే ఉంది. పాడైంది మీ పేరే. ఊళ్లో ఎవరింట్లో దొంగతనం జరిగినా ముందు స్టేషన్‌కి పిలిపించే పాత కేడీ ఒకడుంటాడు చూశారూ, బైకు ఇంజన్లో ఆ హోదా మీకిచ్చారు. ఓనరు స్టాండేస్తూనే "అన్నా, ఏదో సౌండొస్తోంది" అంటాడు. మెకానిక్ యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పి, తల మాత్రం తిప్పకుండా "టాపెట్లు" అంటాడు. విచారణ అయిపోయింది. శిక్ష: సౌండ్ ఆగేదాకా బిగించడం. అదీ ఇంజన్ సలసల కాగుతుండగానే.

మీరు పుట్టిందే ఖాళీలోంచి అని ఎవరికీ పట్టదు. ఇంజన్ వేడెక్కితే వాల్వు కాడ సాగుతుంది. ఆ సాగుడుకి చోటు కావాలని, వాల్వును నొక్కి తెరిచే రాకర్‌కీ వాల్వు కొనకీ మధ్య కంపెనీవాళ్లే సందు వదిలారు. చిన్న బండ్లలో అది మామూలుగా 0.05 నుంచి 0.10 మి.మీ., అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం. పెట్రోలూ గాలీ లోపలికొచ్చే ఇన్‌లెట్ వాల్వుకి ఎంత, పొగ బయటికిపోయే ఎగ్జాస్ట్ వాల్వుకి ఎంత అన్నది ఆ బండి మాన్యువల్లోనే చూడాలి. ఆ సందులో రాకర్ తట్టే చప్పుడే మీరు. సన్నగా వినబడటం మీ ధర్మం. మీ నోరు పూర్తిగా నొక్కేస్తే ఎగ్జాస్ట్ వాల్వు తన సీటు (మూసుకున్నప్పుడు ఆనే గట్టు) మీద సరిగా కూర్చోదు. తన వేడిలో ఎక్కువ భాగాన్ని ఆ సీటు ద్వారానే అది ఇంజన్ పైభాగమైన హెడ్‌లోకి వదులుతుంది. కూర్చోకపోతే అంచు మాడుతుంది, కంప్రెషన్ కారిపోతుంది, పొద్దున్నే కిక్కు కొట్టీ కొట్టీ కాలు లాగుతుంది. చివరికి హెడ్ దించాల్సిందే. అయినా ఓనరు మురిసిపోతాడు: "ఇప్పుడు బండి ఎంత సైలెంటో!"

అసలు దొంగల సంగతికొద్దాం. మీకంటే పెద్దవాడు టైమింగ్ చైన్, అంటే కింద తిరిగే క్రాంకు ఇరుసు నుంచి పైన వాల్వుల్ని నడిపించేవాడు. స్ప్లెండర్ లాంటి 100 సీసీ బండిలో ఎడమవైపు, పిస్టన్ ఆడే బ్లాకు పక్కనుంచి పైకి వెళ్తాడు. మీరు ఒకే తాళంలో టిక్ టిక్ మంటారు, ఆయన గరగరమంటాడు. ఐడిలింగ్‌లోనూ, యాక్సిలరేటర్ ఠక్కున వదిలినప్పుడూ మరీను. చైన్ సాగి ఉంటుంది, లేదా చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ స్ప్రింగు బలం తగ్గి, చైన్ నడిచే రబ్బరు రోలర్లు అరిగి ఉంటాయి. చైన్ ఒక్కటే మార్చి అరిగిన రోలర్లను అలాగే ఉంచితే కొన్నాళ్లకే కచేరీ మళ్లీ మొదలు. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగాయేమో కూడా చూడాలి. సాగిన చైన్ వల్ల వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి, పికప్ పడిపోతుంది. పన్ను దాటిందంటే టైమింగే తప్పుతుంది. ఇంత చేసినవాడు బయట తిరుగుతుంటే లోపల ఉన్నది మీరు!

ఇంకొకరు సైలెన్సర్ బెండు పైపు దగ్గర సందు మూసే గ్యాస్కెట్. ఈయన మీ గొంతు అచ్చంగా అనుకరిస్తాడు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఎగ్జాస్ట్ వాల్వు ఒక్కసారి తెరుచుకుంటుంది, మీ తట్టుడూ అంతే, కాబట్టి తాళం ఒక్కటే. హెడ్‌కి బెండు కలిసేచోట నల్లటి మసి చారలుంటే ఈయనే. ఇంజన్ చల్లారాక కొత్త గ్యాస్కెట్ వేసి, రెండు నట్లూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగిస్తే సరి.

న్యూట్రల్లో ఉండగా క్లచ్ పట్టుకుంటే మాయమై, వదిలితే తిరిగొచ్చే గలగల క్లచ్ హౌసింగ్‌ది. చలిలో స్టార్ట్ చేయగానే టపటపమని, వేడెక్కాక తగ్గేది పిస్టన్ బోరు గోడకు తగిలే చప్పుడు. టాప్ గేరులో ఫ్లైఓవర్ ఎక్కిస్తే కణకణమనేది నాకింగ్, అంటే పెట్రోలు దానంతటదే భగ్గున మండటం; దానికి మొదటి మందు గేరు తగ్గించడం. పోతూ పోతూ క్లచ్ పట్టి యాక్సిలరేటర్ వదిలేసినా బండి వేగాన్ని బట్టే మారే శబ్దానికి ఇంజన్‌తో సంబంధమే లేదు, వెనక చైనో చక్రం బేరింగో చూసుకోవాలి. ఇక కింద క్రాంకు దగ్గర్నుంచి, ఇంజన్ మీద బరువు పడ్డప్పుడల్లా, సుత్తితో కొట్టినట్టు బరువుగా వచ్చేది కనెక్టింగ్ రాడ్. దాన్ని వింటూ "ఇంటిదాకా పోనిద్దాం" అనుకునేవాళ్లకి ఇంజన్ పని బిల్లు రెడీగా ఉంటుంది.

వీళ్లందరినీ విడదీయడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. పొడుగు స్క్రూడ్రైవర్ కొనను టాపెట్ మూత మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనిస్తే మీరు వినబడతారు. తర్వాత బ్లాకు ఎడమవైపు, ఆ తర్వాత క్లచ్ కవర్. ఎక్కడ గట్టిగా వస్తే అక్కడే దొంగ. దీనికంటే ముందు ఆయిల్ చూడాలి. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి చూడాలి. స్ప్లెండర్ లాంటివాటిలో డిప్‌స్టిక్‌ను మర బిగించకుండా ఊరికే ఆనించాలి. బిగించి చూస్తే లేని ఆయిల్ కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇన్ని చూశాక కూడా నేరం మీదేనని తేలితే, శిక్ష శాస్త్రప్రకారం వేయమని మా మనవి. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, రాత్రంతా వదిలేస్తే మరీ మంచిది. ప్లగ్గు తీస్తే క్రాంకు సులువుగా తిరుగుతుంది. స్ప్లెండర్ లాంటి బండిలో ఎడమవైపు మ్యాగ్నెట్ కవర్ మూతలు తీసి, క్రాంకును గడియారానికి ఎదురు దిశలో తిప్పి, మ్యాగ్నెట్ మీది 'టీ' గుర్తును కవర్ మీది గాటుకి సరిపెట్టాలి. అప్పుడు రెండు రాకర్లూ వేలితో కదపగానే కొద్దిగా ఆడాలి. ఆడకపోతే అది వాల్వులు రెండూ మూసి ఉండే కంప్రెషన్ దశ కాదు, ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు ఆ సందులో కాస్త పట్టి పట్టి జారాలి. లాక్ నట్ బిగించేటప్పుడు సందు సరిచేసే స్క్రూ కూడా దానితో తిరిగి సందు తగ్గిపోతుంది, అందుకే స్క్రూను కదలకుండా పట్టుకుని బిగించి, రేకు మళ్లీ పెట్టి చూడాలి. ఎక్కువమంది ఎగ్గొట్టేది ఈ రెండోసారి చూడటమే.

ఇట్లు,
తమ విధేయులు,
చెవి, పొడుగు స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్

తా.క.: యూసీఈ ఇంజన్ (ఇంజనూ గేరుబాక్సూ ఒకే పెట్టెలో ఉండేది) బుల్లెట్లలో ఆయిల్ ఒత్తిడితో మీ సందును తనంతట తానే సరిచూసుకునేది హైడ్రాలిక్ టాపెట్. అక్కడ బిగించడానికి స్క్రూనే లేదు. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున్నే కొన్ని సెకన్లు టిక్కుమంటే ఆయిల్ ఇంకా ఆ టాపెట్లోకి చేరలేదని అర్థం. ఆగకపోతే ఆయిల్ మట్టం, గ్రేడు చూడాలి. ఆ బండి తెచ్చి కూడా "టాపెట్లు టైట్ చెయ్యన్నా" అనేవాళ్లున్నారు. "చేసేశా తమ్ముడూ" అనేవాళ్లూ ఉన్నారు.