క్రాన్ పాడవలేదు, దాన్ని రూట్‌లో పెట్టకండి

శ్రీకాకుళం, విజయనగరం వైపు షాపుల్లో, మిల్లుల్లో కంప్యూటర్ పని చూసే కుర్రాళ్ల మధ్య వాట్సాప్‌లో ఒక సలహా తెగ తిరుగుతోంది. “స్క్రిప్ట్ చేత్తో రన్ చేస్తే నడిచి, క్రాన్‌లో నడవకపోతే క్రాన్ పాడైనట్టే. ఫైలుకి 777 ఇచ్చి, రూట్ క్రాన్‌లో పెట్టి, సర్వర్ రీస్టార్ట్ చేయండి. ఎర్రర్ రాకపోతే సెట్ అయినట్టే” అని. స్క్రిప్ట్ అంటే కమాండ్లు వరసగా రాసిన ఫైలు. క్రాన్ అంటే లినక్స్‌లో మనం చెప్పిన టైముకి పనుల్ని తనంతట తానే నడిపే ప్రోగ్రామ్. రూట్ అంటే అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్. 777 అంటే ఫైలును ఎవరైనా చదవడానికి, మార్చడానికి, నడపడానికి ఇచ్చే అనుమతి. పలాసలో జీడిపప్పు వ్యాపారి బిల్లుల బ్యాకప్ అయినా, రాజాంలో మిల్లు స్టాకు లెక్క అయినా ఇలాంటి స్క్రిప్టుల మీదే ఆధారపడుతుంది. అందుకే దీన్ని చూసి ఊరుకోలేకపోతున్నాను.

క్రాన్ పాడైందనడం మొదటి తప్పు. మనం లాగిన్ అయినప్పుడు బ్యాష్ (మనం టైపు చేసిన కమాండ్లను నడిపే షెల్) మన సెట్టింగులన్నీ చదువుకుంటుంది. క్రాన్ వాటి జోలికే పోదు. ఉబుంటు, డెబియన్‌లలో అది మామూలు ఎస్‌హెచ్ (sh) షెల్‌తో, చాలా చిన్న పాత్‌తో (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా), హోమ్ ఫోల్డర్‌లో నిలబడి పని మొదలుపెడుతుంది. మీరు విడిగా ఇన్‌స్టాల్ చేసుకున్న పైథాన్ దానికి కనబడదు. ఫోల్డర్ పేరు లేకుండా రాసిన ఫైలు కోసం వేరే చోట వెతుకుతుంది. అనుమానం ఉంటే సెట్టింగులను చూపించే ఎన్వ్ (env) కమాండ్‌ను ఒక్క నిమిషం క్రాన్‌లో పెట్టి ఫైలులోకి రాయించండి. టెర్మినల్‌లో అదే కమాండ్ ఇచ్చి, రెండూ పక్కపక్కన చూడండి. తేడా అక్కడే దొరుకుతుంది. ప్రోగ్రాములకూ ఫైళ్లకూ పూర్తి పాత్ (ఫోల్డర్లతో సహా చిరునామా) రాస్తే సగం గొడవలు పోతాయి.

ఇంకోటి, చాలామంది దెబ్బతినేది: బ్యాకప్ ఫైలు పేరులో తేదీ కోసం వాడే % గుర్తు. క్రాన్‌ట్యాబ్ (క్రాన్ చేయాల్సిన పనులు రాసే ఫైలు) లైనులో దాని ముందు \ లేకపోతే కమాండ్ అక్కడితో తెగిపోతుంది. టెర్మినల్‌లో మాత్రం శుభ్రంగా నడుస్తుంది. ఆ కమాండ్‌ను స్క్రిప్ట్ ఫైలులోకి మార్చేస్తే ఈ బాధే ఉండదు.

రూట్, 777 కలిపి ఇవ్వడం నిజంగా ప్రమాదం. ఎవరైనా మార్చగలిగే ఫైలును రూట్ నడుపుతోందంటే, ఆ మెషిన్‌లో ఏ చిన్న అకౌంట్ ఉన్నవాడైనా దానికి యజమాని కావచ్చు. పైగా రూట్ తయారుచేసిన ఫైళ్లలో రేపు మీరు మామూలు యూజర్‌గా రాయలేరు.

రీస్టార్ట్ అక్కర్లేదు. క్రాన్‌ట్యాబ్ మారితే క్రాన్ తనే గమనిస్తుంది. టైమ్ జోన్ మార్చినప్పుడు మాత్రం క్రాన్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి, అంతే. అద్దె సర్వర్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం) ఉంటే మీరు రాసిన రాత్రి 9 మనకి తెల్లవారుజామున 2:30 అని మర్చిపోకండి.

ఎర్రర్ రాలేదంటారా? క్రాన్ దాన్ని మెయిల్ చేస్తుంది. మెయిల్ ప్రోగ్రామ్ లేకపోతే పారేస్తుంది. లైను చివర లాగ్ ఫైలుకి మళ్లించి 2>&1 పెట్టండి, ఎర్రర్లు కూడా అదే ఫైలులో పడతాయి.

క్రాన్ మీద న్యాయమైన ఫిర్యాదు ఒకటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలా మెషిన్ ఆగి ఉన్నప్పుడు తప్పిపోయిన పనిని, కరెంటు వచ్చాక క్రాన్ మళ్లీ చేయదు. రోజుకోసారి తీసే బ్యాకప్ అయితే అనాక్రాన్‌కి అప్పగించండి. అది మెషిన్ లేచాక, తప్పిన పనిని గుర్తుపట్టి నడుపుతుంది.