‘దత్తత పేరుతో మోసం’ అంటున్న ఆ మెసేజీకి నా జవాబు

పోయిన వారం మా తోటికోడలు ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పెట్టి, కింద "అక్కా, నువ్వు చదవాలి" అని రాసింది. అప్పటికే అది మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండుసార్లు తిరిగింది. "దత్తత పేరుతో మోసం! అందరికీ పంపండి" అని మొదలై అయిదు ముక్కలు చెబుతుంది. వీధి కుక్క, అందులోనూ ఎదిగిన కుక్క, ఇంటికి అలవాటు పడదట. వాటికి రేబిస్ ఉంటుంది కాబట్టి పిల్లలున్న ఇంట్లోకి రానివ్వకూడదట. ఫోస్టర్ ఇంట్లో నెలల తరబడి ఉండిపోయిందంటే దానిలో ఏదో లోపం దాస్తున్నట్టేనట. ఉచితం అంటూనే ఫారాలు, ఇంటి తనిఖీ, ఆపరేషన్ ఖర్చులు అంటారు కాబట్టి ఇదంతా వ్యాపారమట. ఆఖర్న, అపార్ట్‌మెంట్లలో కుక్కలు నిషేధం, సుప్రీంకోర్టు కూడా వీధి కుక్కల్ని ఇళ్ళలో పెట్టుకోవద్దంది, కావాలంటే మంచి జాతి పిల్లను కొనుక్కోండి అని ఒక సలహా.

మాది హైదరాబాద్ సైనిక్‌పురిలో రెండు పడగ్గదుల ఫ్లాటు. ఆరేళ్ళుగా కుక్కలకు ఫోస్టర్ చేస్తున్నాను. బండి కింద పడ్డదో, తల్లి పోయినదో, ఓనరు వదిలేసి పోయినదో, దానికి తగిన ఇల్లు దొరికేదాకా మనింట్లో మనతో పాటు ఉంచుకోవడమే ఫోస్టర్ అంటే. ఇప్పటికి పందొమ్మిది వెళ్ళాయి, రెండు తిరిగొచ్చాయి. ఆ రెండింటి సంగతీ దాచను.

మొదటి ముక్క. ఇంటికి అలవాటు పడదని చెబుతూ "కుక్క తోక వంకర" అని సామెత కూడా తగిలించారు. తోక వరకూ నిజమే, మన నాటు కుక్కల తోక చుట్ట తిరిగే ఉంటుంది. మిగతాది నేను చూసినదానికి పూర్తిగా తలకిందులు. ఎదిగిన కుక్కకు పడుకునే చోటు పాడుచేసుకోకూడదన్న బుద్ధి ముందే ఉంటుంది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, పడుకోబోయే ముందొకసారి వేళ తప్పకుండా కిందకు తీసుకెళితే వారం పది రోజుల్లో ఆ గొడవ తీరిపోతుంది. రెండు నెలల పిల్లయితే రెండు గంటలకోసారి గుడ్డ పట్టుకుని దాని వెంట తిరగాలి. కుక్కపిల్లే కావాలని పట్టుబట్టేవాళ్ళకు ఈ మాట ఎవరూ చెప్పరెందుకో. ఇక నేర్చుకోవడం అంటారా, ఉత్తరాఖండ్ పోలీసులు వీధి నుంచి తెచ్చిన కుక్కకు శిక్షణ ఇచ్చి తమ డాగ్ స్క్వాడ్‌లో పెట్టుకున్నారు.

అలవాటు పడడానికి సమయం పడుతుంది, అది నిజం. మొదటి మూడు రోజులు మంచం కింద నుంచి రాదు. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడుతుంది. మా ఇడ్లీ (తెల్లగా ఉండేది, ఆ పేరు మా అబ్బాయి పెట్టాడు) అయిదో రోజున గాని మా ముందు అన్నం ముట్టలేదు. మాలో వాడుక లెక్క ఒకటుంది: బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. శాస్త్రం కాదు గాని చాలాసార్లు సరిపోతుంది. మెసేజీ రాసినాయన బహుశా రెండో రోజునే తీర్పు చెప్పేశాడు.

ఇందులో ఒక్క సంగతి మాత్రం ఒప్పుకుంటాను. ఒకే వీధిలో అయిదారేళ్ళు స్వేచ్ఛగా తిరిగి, నాలుగిళ్ళ అన్నం తిని, ఆ వీధే తనదనుకునే కుక్కను ఫ్లాటులో పెడితే అది సుఖపడదు. అలాంటివాటిని మేమూ తేము. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు కూడా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమంటాయి. చెవి కొన కత్తిరించి ఉన్న కుక్క కనిపిస్తే దానికి ఆపరేషన్ అయిందని గుర్తు.

రేబిస్ భయం మాత్రం ఊరికే పుట్టింది కాదు, దాన్ని వెటకారం చేయను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబును కుక్కలు పొట్టన పెట్టుకున్న వీడియో చూసి ఆ రాత్రి నేనూ నిద్రపోలేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే మందంటూ దాదాపు లేదు. కాని మెసేజీ మాటలు చూడండి: "వీధి కుక్కల రక్తంలోనే రేబిస్ ఉంటుంది." ఉండదు. అది పుట్టుకతో వచ్చే జబ్బు కాదు. రేబిస్ వచ్చిన జంతువు కరిచినప్పుడు లాలాజలంతో అంటుకునే వైరస్. సోకిన కుక్కలో లక్షణాలు కనిపించడానికి మామూలుగా మూడు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. కనిపించాక పది రోజుల్లోపే అది చనిపోతుంది. కరిచిన కుక్కను పది రోజులు గమనించమని డాక్టర్లు చెప్పేది అందుకే.

ఈ లెక్క తెలిస్తే ఫోస్టర్ ఇల్లు ఎంత మేలో తెలుస్తుంది. దారిలో కనబడ్డ పిల్లను అప్పటికప్పుడు ఎత్తుకొచ్చిన ఇంటికి దాని గతం తెలియదు. నా దగ్గర మూడు నెలలున్న కుక్కకు టీకాలు పడ్డాయి, పేలు పోయాయి, రక్త పరీక్షలో పిడుదుల జ్వరం ఉందో లేదో తేలింది, దాని తిండి, నడక, కోపం రోజూ నా కళ్ళ ముందే నడిచాయి. నూటికి నూరు పాళ్ళు హామీ అనను, ఏ జంతువు విషయంలోనూ ఎవరూ అనలేరు. టీకా కార్డు మాత్రం చేతిలో పెడతాను. అది ఇవ్వనివాళ్ళ దగ్గర తీసుకోకండి, ఎంత తియ్యగా మాట్లాడినా సరే. ఇక ఏ కుక్క కరిచినా, పళ్ళు గీరుకున్నా, పెంపుడుదే కదా అని ఊరుకోకుండా సబ్బుతో ధార కింద పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే టీకాకు వెళ్ళండి. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడలో ప్రభుత్వ టీకా సంస్థ ఐపీఎం ఉన్నాయి. పసుపు, కారం అద్దుకుని కూర్చోవద్దు.

మూడో మాట దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. నెలల తరబడి ఉందంటే లోపం ఉన్నట్టట!

మా ఇంట్లో ఇప్పుడు గంగ ఉంది. వానాకాలంలో రోడ్డు పక్క నీళ్ళలో దొరికింది, తుంటి ఎముక విరిగి. వయసు నాలుగేళ్ళుండొచ్చు. వచ్చి ఏడు నెలలు. ఈ ఏడు నెలల్లో పదకొండు మంది చూడ్డానికి వచ్చారు. ముగ్గురు ఫోటోలో చిన్నదనుకున్నామన్నారు. ఇద్దరు ఆడకుక్క వద్దన్నారు, ఆపరేషన్ అయిపోయింది, పిల్లలు పుట్టవు అని చెప్పినా. ఒకాయన నల్లగా ఉందనే వచ్చాడు. జ్యోతిష్కుడు శని దోషానికి నల్ల కుక్కకు రొట్టె పెట్టమన్నాడట, రోజూ వెతుక్కునే బదులు ఇంట్లోనే ఒకటుంటే పోతుందని. దోషం తీరిపోయాక దీని గతేమిటండీ అంటే జవాబు లేదు. ఇంకొకరు నల్లగా ఉందనే వద్దన్నారు. ఇందులో గంగ లోపం ఎక్కడుందో నాకు చెప్పండి.

లోపాలు లేవా? ఉన్నాయి, నోట్‌బుక్‌లో రాసిపెట్టాను, వచ్చినవాళ్ళకు టీ ఇవ్వకముందే చదివి వినిపిస్తాను. హెల్మెట్ పెట్టుకున్న మగవాళ్ళను చూస్తే మొరుగుతుంది, డెలివరీ అబ్బాయిలతో రోజూ తంటాయే. పిల్లి కనిపిస్తే ఆగదు. తింటున్నప్పుడు గిన్నె దగ్గరకు చెయ్యి పెడితే గుర్రుమంటుంది, కరవలేదు ఎప్పుడూ. మెట్లెక్కితే కాలు నొస్తుంది, లిఫ్టంటే భయం. మనుషుల ఒళ్ళో తల పెట్టుకుని పడుకోవడం ఇష్టం. పెరుగన్నమంటే పిచ్చి. దీనికి కావలసింది కింది అంతస్తు ఇల్లో, విడి ఇల్లో. పిల్లి ఉండకూడదు, పాకే వయసు పిల్లలుండకూడదు, పగలు ఒక్కరైనా ఇంట్లో ఉండాలి. ఇవన్నీ ఏడు నెలలు కలిసి బతికితేనే తెలిశాయి. కొనుక్కున్న కుక్కపిల్ల పెద్దయ్యాక ఎలా ఉంటుందో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాళ్ళకూ తెలియదు.

లోపాలు దాచి అంటగట్టేవాళ్ళు మాలోనూ ఉన్నారు. ఇంట్లో పదిహేను కుక్కలు పేరుకుపోయి, ఏదో ఒక ఇల్లు దొరికితే చాలనుకుని, కరిచిన సంగతి కూడా చెప్పకుండా పంపేస్తారు. దాంతో కుక్కా నష్టపోతుంది, ఆ ఇల్లూ నష్టపోతుంది, తర్వాత మా మాట ఎవరూ నమ్మరు. మెసేజీ చెప్పిన ఈ మూడో మాటలో నిజమున్న చోటు ఇదొక్కటే. దానికి మందు మొదటిసారి చూసిన రోజే తీసుకెళ్ళకుండా రెండుమూడు సార్లు వచ్చి చూడడం, దాన్ని మీరే నడిపించి చూడడం, నాలుగు వారాలు ట్రయల్ అడగడం. కాదన్నవాళ్ళను అనుమానించండి.

ఇక వ్యాపారమన్న మాట. కుక్కకు మేము ధర కట్టం. ఆపరేషన్ ఖర్చులో కొంత పెట్టుకోగలరా అని అడుగుతాం, లేదంటే సరేనంటాం. గంగ తుంటి ఎముక ఆపరేషన్ బిల్లు చూసి మా ఆయన "దీనికన్నా నా మోకాలు చవక" అన్నారు. ఈ వ్యాపారంలో లాభం ఎక్కడుందో కనిపెట్టినవాళ్ళు వచ్చి నాకు చెబితే సంతోషిస్తాను. అసలు వ్యాపారం చేసేవాళ్ళకే చట్టముంది: 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మెసేజీ చెప్పినట్టు కొనడానికి వెళ్ళేవాళ్ళు ఆ నమోదు కాగితం ఒక్కసారి అడిగి చూడండి, అమ్మేవాడి ముఖం ఎలా మారుతుందో.

ప్రశ్నలు ఎందుకన్నది వేరే సంగతి. నా ఫారంలో ఇరవై ప్రశ్నలున్నాయి, అమ్మాయినిచ్చేటప్పుడు కూడా ఇన్ని అడగరని ఒకావిడ దెప్పింది. కొన్ని ఎందుకున్నాయో చెబుతాను. "ఈ ఏడాదిలో మీ ఇంట్లో కుక్కపిల్ల ఏదైనా వాంతులు, రక్త విరేచనాలతో పోయిందా?" ఆ జబ్బు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో, గచ్చు పగుళ్ళలో నెలల తరబడి బతికే ఉంటుంది. టీకాలు పూర్తికాని పిల్లను ఆ ఇంటికి పంపితే వారంలో మళ్ళీ అదే ఏడుపు. "ఇల్లు అద్దెదా, ఓనరు ఒప్పుకున్నారా?" తిరిగొచ్చిన రెండింటిలో మొదటిది ఈ ప్రశ్న అడగనందుకే వచ్చింది. పదకొండో రోజున ఓనరు వచ్చి కుక్కో, మీరో తేల్చుకోమన్నాడట. "బాల్కనీకి గ్రిల్ ఉందా, వీధి తలుపు పిల్లలు తీసి వదిలేస్తారా?" కొత్త ఇంటికి వెళ్ళిన కుక్క తప్పిపోయేది ఎక్కువగా మొదటి రోజుల్లోనే, కొరియర్ అబ్బాయి కోసం తలుపు తీసిన ఆ అర నిమిషంలో.

"రెండు మూడేళ్ళలో విదేశం వెళ్ళే ఆలోచన ఉందా?" దీనికి నొచ్చుకునేవాళ్ళున్నారు. రెండో కుక్క తిరిగొచ్చింది దీనివల్లే. తీసుకున్నవాళ్ళు మంచివాళ్ళు, ప్రాణంగా చూసుకున్నారు, వీసా వచ్చింది, డాలస్ వెళ్ళారు. తీసుకెళ్ళలేరా అంటే తీసుకెళ్ళొచ్చు. కాని 2024 ఆగస్టు నుంచి అమెరికా నిబంధనలు బిగిశాయి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనం ఉన్నాం, కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, టీకా కాగితాలు వాళ్ళ పద్ధతిలో ఉండాలి, దిగాక కూడా తంతు ఉంటుంది. ఖర్చు అంచనా చూసి వాళ్ళు ఆగిపోయారు. ఎయిర్‌పోర్టుకు వెళ్ళే ముందు వాళ్ళు మా గుమ్మంలో ఏడ్చిన ఏడుపు నిజమైనదే. కుక్క మాత్రం నెల రోజులు తలుపు వైపే చూసింది. ప్రయాణం ఉందంటే కాదనను, ముందే లెక్క వేసుకుందాం రండంటాను.

ఇంటికి వెళ్ళి చూసేది సోఫా ఖరీదు కట్టడానికి కాదు. ఎల్బీనగర్‌లో ఒక వాచ్‌మన్ కుటుంబానికి కుక్కనిచ్చాను, ఒకటే గది. పగలంతా వాళ్ళ వెంటే తిరుగుతుంది. జూబ్లీహిల్స్‌లో తోట ఉన్న ఇంటికి కాదన్నాను, గేటు దగ్గర గొలుసు వేసి కట్టేస్తామన్నారు కాబట్టి.

చివరిది తొందరగా. అపార్ట్‌మెంట్లో పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు సంఘానికి లేదని, మెజారిటీ తీర్మానం చేసినా చెల్లదని, లిఫ్టు వాడనివ్వకపోవడం కూడా కుదరదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. పట్టీ వేసి నడిపించడం, దాని మలం మనమే ఎత్తడం మన బాధ్యత, అందులో చాలామందిమి తప్పుతున్నాం కూడా. సుప్రీంకోర్టు మాటను మెసేజీ తలకిందులు చేసింది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ కుక్కల్ని షెల్టర్లకు తరలించమన్న ఆదేశాన్ని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అదే నెల 22న సవరించింది. దత్తత కోరేవాళ్ళు మునిసిపల్ సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని, కుక్కకు ట్యాగ్ వేసి ఇస్తారని ఆ ఉత్తర్వులోనే ఉంది. అదే నెలలో మన జీహెచ్ఎంసీ బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో నాటు కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. వద్దన్న పనికి మేళా ఎవరైనా పెడతారా?

సుప్రీంకోర్టు ఉత్తర్వులో ఒక షరతుంది: దత్తత తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూడాల్సింది తీసుకున్నవాళ్ళే. పెంచుకున్న కుక్కను తగిన కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే, కాకపోతే మొదటిసారి జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఆ మొత్తానికి భయపడి ఎవరూ ఆగరు కాబట్టి నా ఫారంలో ఆఖరి వాక్యం పెద్ద అక్షరాల్లో ఉంటుంది: ఉంచుకోలేకపోతే అర్ధరాత్రయినా సరే నాకు ఫోన్ చేయండి, గేటు బయట వదలొద్దు.