ఎవరూ అడగని సమాధానం

తెల్లవారుజామున నాలుగు నలభై అయిదుకు మా అన్నయ్య లోకాన్ని రక్షించడం మొదలుపెడతాడు. అయిదూ పదికల్లా ఆ పని పూర్తవుతుంది. ఆ తరువాత పాలప్యాకెట్టు తేవడానికి వెళతాడు.

ఆ ఇరవై అయిదు నిమిషాల్లో పదకొండు వాట్సాప్ గ్రూపులకు, విడిగా మరో నలభైమందికి ఆనాటి వాగ్దాన వచనం వెళ్ళిపోతుంది. ఉదయిస్తున్న సూర్యుడు, సూర్యుడి ముందు పావురం, పావురానికి అడ్డంగా అక్షరాలు, అక్షరాల పక్కన ఆ బొమ్మ తయారుచేయించిన పాస్టరుగారు. పాస్టరుగారు సూర్యుడికంటే కొంచెం పెద్దగా ఉంటారు.

గ్రూపుల్లో మా సంఘం గ్రూపు ఒకటి. స్త్రీల కూటం గ్రూపు ఒకటి (అందులోకి ఆయన ఎలా చేరాడో ఎవరికీ తెలియదు). ఈ రెండింటిలో ఉన్నవాళ్ళు ఎప్పుడో రక్షణ పొందారు. విశ్రాంత ఉద్యోగుల గ్రూపు, అపార్టుమెంటు గ్రూపు, పదో తరగతి బ్యాచ్ గ్రూపు వంటివాటిలో ఉన్నవాళ్ళు ఎప్పుడో మ్యూట్ చేసుకున్నారు. కాబట్టి పొలం సిద్ధంగా ఉంది, విత్తనం పడుతూనే ఉంది.

ఇలా ఫోనులో విశ్వాసం పంచుకోవడం వల్ల ఎవరికైనా మేలు జరుగుతోందా అని మా వదిన ఒకసారి అడిగింది. పాలు ఆలస్యమైన రోజు అది. ఆ ప్రశ్నలోని అవిశ్వాసం నన్ను కలచివేసింది. ఈ వ్యాసం ఆమెకు జవాబు.

మేము మూడు తరాలుగా క్రైస్తవులం. మా తాతయ్య సైకిలు మీద ఊరూరా తిరిగి కరపత్రాలు పంచిన మనిషి. ఒక ఊరికి వెళ్ళి, ఎవరి అరుగు మీదనో కూర్చుని, మజ్జిగ ఇస్తే తాగి, ఇవ్వకపోతే మంచినీళ్ళు అడిగి, వాళ్ళ గేదె ఈనిందో లేదో కనుక్కుని, అప్పుడు గాని సంచిలోంచి సువార్త బయటికి తీసేవాడు కాదు. ఊరికి ఒక రోజు పట్టేది. ఎంత సమయం వృథా! మా అన్నయ్య గేదె ఊసే ఎత్తకుండా పదకొండు ఊళ్ళు చుట్టి వస్తున్నాడు.

అసలు తెలుగునేల మీద మిషనరీల చరిత్ర చదివితే జాలి కలుగుతుంది. 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ బోధకుడు కూర్చుని బైబిలును తెలుగులోకి తెచ్చాడు. అది అచ్చుకే నోచుకోలేదు. ఇప్పుడైతే పీడీఎఫ్ చేసి గ్రూపులో పెట్టేవాడు. అప్పుడూ ఎవరూ తెరిచేవారు కాదు గాని, కనీసం నాలుగు దండాల బొమ్మలైనా పడేవి. 1840లో నెల్లూరు చేరిన అమెరికన్ బాప్టిస్టుల సంగతి ఇంకా దారుణం. ఏళ్ళ తరబడి బోధించినా వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే వచ్చారు. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు పలుమార్లు కూర్చుని మాట్లాడుకున్నారు. 1853లో అలాంటి చర్చ జరిగినప్పుడే దానికి ఒంటరి నక్షత్రం అన్న పేరు పడింది.

ఆ తరువాత 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టాడు. 1876–78 కరవు వచ్చినప్పుడు ఈయన చేసిన పొరపాటు చూడండి. వాక్యం పంచడం పక్కన పెట్టి, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకానికి కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్ళకు పని, పనికి కూలి, కూలికి గింజలు. పైగా తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, కరవు పని నడిచినంతకాలం బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్ళను కూడా ఆగమన్నాడు. వచ్చినవాళ్ళను ఆగమన్నాడు! ఈ సంగతి చెప్పిన రాత్రి మా అన్నయ్యకు నిద్రపట్టలేదు. చివరికి 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలోకి దిగారు. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరి చొప్పున, వంతులవారీగా బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ళకు ముందు దారి వేసినవాళ్ళలో ముఖ్యుడు యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తోళ్ళ వ్యాపారి. ఆయన చేసిందల్లా తన చుట్టాల పల్లెలకు నడిచి వెళ్ళడం, వాళ్ళ ఇళ్ళలో కూర్చుని మాట్లాడడం.

ఫలితం బాగానే వచ్చింది, కాదనను. కానీ పద్ధతి సరైనది కాదు. వాట్సాప్‌లో గ్రూపుకు 1,024 మందే పరిమితి. 2,222 మందికి మూడు గ్రూపులు కావాలి, మూడింటికీ అడ్మిన్లు కావాలి, అడ్మిన్లకు పడక మూడు సంఘాలు కావాలి. ఈ చివరి పని మాత్రం మనవాళ్ళు ఇంటర్నెట్టు రాకముందే సాధించారు.

గుంటూరుకు 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ అమ్మగారు డాక్టరు. పంపినవాళ్ళకు మాత్రం అప్పటికి డాక్టరు అక్కరలేదు, మామూలు మిషన్ పనికే పంపారు. ఆమె వినలేదు. రోగులను చూసింది, పట్టుబట్టి ఆసుపత్రి కట్టించింది. ఇక కాటన్ దొర మరీ నిర్లక్ష్యపు మనిషి. నిష్ఠగల క్రైస్తవుడై ఉండి, 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కడుతూ కూర్చున్నాడు గాని, గోదావరి రైతుకు ఒక్క వచనమైనా ఫార్వర్డ్ చేయలేదు. దాని ఫలితం ఇప్పుడు చూస్తున్నాం. హిందూ రైతులు ఆయన విగ్రహానికి దండలు వేసి దండం పెడుతున్నారు.

వాక్యాధారం లేనిదే మా అన్నయ్య ఏ పనీ చేయడు. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ఆయనకు ఆధారం దొరికింది: నిరీక్షణను గూర్చి ‘హేతువు అడుగు ప్రతివానికిని సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు’ సిద్ధంగా ఉండమన్నారు. అన్నయ్య సిద్ధంగా ఉన్నాడు. ఒకటే చిక్కు. ఎవరూ అడగడం లేదు. అపార్టుమెంటు గ్రూపులో జనం అడిగేది నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందని. దానికి అన్నయ్య ‘నేనిచ్చు నీళ్లు త్రాగువాడెప్పుడును దప్పిగొనడు’ అని సమాధానం పెట్టిన రోజునుంచి ఆ గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ సందేశం పెట్టే వీలు లేదు.

సాత్వికము, భయము అన్న రెండు మాటలు కూడా ఆ వచనంలోనే ఉన్నాయి. అవి ఉత్తరాలు నడిచి వెళ్ళే రోజుల కోసం రాసినవని మా అన్నయ్య అభిప్రాయం.

అపొస్తలుల కార్యాలు తిరగేస్తే అక్కడా ఇదే అమాయకత్వం. ఫిలిప్పు అరణ్యమార్గంలో రథం పక్కన పరుగెత్తి, లోపల చదువుకుంటున్న ఐతియొపీయుణ్ణి ‘నీవు చదువునది గ్రహించుచున్నావా’ అని అడుగుతాడు. ముందు అడిగాడు, రమ్మంటే ఎక్కి కూర్చున్నాడు. ఒక్క మనిషి కోసం అంత పరుగు! పౌలు ఏథెన్సులో మాట్లాడితే కొందరు వెక్కిరించారు, కొందరు మళ్ళీ వింటామన్నారు. పౌలు అక్కడినుంచి వెళ్ళిపోయాడు. మా అన్నయ్య వెళ్ళిపోడు. వెక్కిరించినవాడి మీదికి మూడు వీడియోలు వదులుతాడు, మూడోది నలభై నిమిషాలది.

అసలు యుద్ధభూమి పదో తరగతి బ్యాచ్ గ్రూపు. (అన్నయ్య లెక్కల్లో రెండుసార్లు తప్పడం వల్ల ఆయనా నేనూ ఒకే బ్యాచ్.) అందులో ఉన్నది ఎనభైమంది, మాట్లాడేది నలుగురు. ఒకరు అన్నయ్య. రెండోవాడు తెల్లవారగానే ఆంజనేయస్వామిని పంపే తణుకు మిత్రుడు. మూడోవాడు హేతువాది, ఇద్దరినీ సమానంగా అవమానించే నిష్పక్షపాతి. నాలుగోవాడు ‘మతం, రాజకీయం వద్దు మిత్రులారా’ అని ప్రతి గంటకూ పెట్టి, ఆరిపోతున్న గొడవను ఊది నిలబెట్టే శాంతిదూత.

ఈ యుద్ధంలో ఇరుపక్షాలకూ అస్త్రాలు అందించేది నాసా. యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిపోయిన రోజు నాసా కంప్యూటర్ల లెక్కలో బయటపడిందని అన్నయ్య పంపుతాడు. కంప్యూటర్లకు సంస్కృతమే తగిన భాష అని నాసా తేల్చేసిందని తణుకు మిత్రుడు బదులిస్తాడు. మొదటిది కట్టుకథ, 1970ల నాటికే అమెరికాలో తిరుగుతోంది, మా గ్రూపులో చాలామంది తలలకంటే ముందే నెరిసింది. రెండోది 1985లో ఒక పరిశోధకుడు రాసుకున్న వ్యాసానికి మనవాళ్ళు తగిలించిన తోక. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపినందుకు రెండు మతాల భారం తమ నెత్తిన పడుతుందని ఆ సంస్థవాళ్ళు కలలో కూడా అనుకుని ఉండరు.

‘నేనే సత్యము’ అన్న ఆయన తరఫున అబద్ధం ప్రచారం చేస్తున్నావు కదా అని అన్నయ్యతో అన్నాను.

“ఉద్దేశం మంచిదే కదా తమ్ముడూ” అన్నాడు.

అవతల తణుకు మిత్రుడు కూడా అచ్చంగా ఇదే మాట అన్నాడు. ఇన్నేళ్ళ వాదనలో వాళ్ళిద్దరూ ఏకీభవించిన సిద్ధాంతం ఇది ఒక్కటే.

ఇంత సేవకు ఆటంకాలు రాకుండా ఉంటాయా? 2018లో, పుకార్లు నమ్మి జనం దారిన పోయేవాళ్ళను కొట్టి చంపుతున్న రోజుల్లో, ఒక సందేశాన్ని ఒకసారికి అయిదు చోట్లకే పంపాలని వాట్సాప్ మన దేశంలో నియమం పెట్టింది. 2020లో, మరీ ఎక్కువ తిరిగిన సందేశాలైతే ఒకసారికి ఒక్క చోటికే అన్నది. అన్నయ్య దీన్ని శ్రమకాలంగా లెక్కించి ఉపవాస ప్రార్థన పెట్టాడు. “నీరో చక్రవర్తి కూడా అయిదుగురికే అని నియమం పెట్టలేదు” అన్నాడు. చరిత్రపరంగా అది నిజమే.

పాతకాలం మిషన్లు ఏటా నివేదికలు పంపేవి. అన్నయ్య తరఫున నేనూ ఒకటి తయారుచేశాను. గ్రూపులకు పంపిన వాగ్దానాలు, రోజుకు పదకొండు చొప్పున, ఏడాదికి 4,015. మారుమనస్సు పొందినవారు లేరు. గ్రూపు విడిచి వెళ్ళినవారు తొమ్మిదిమంది, అందులో ఇద్దరు మా సంఘస్థులే. హేతువాది మరింత గట్టి హేతువాది అయ్యాడు. తణుకు మిత్రుడు ఒకప్పుడు ఏడాదికి ఒకసారి గుడికి వెళ్ళేవాడు, వాదన మొదలయ్యాక ప్రతి మంగళవారం వెళుతున్నాడు. ఒక ఆత్మను భక్తిమార్గంలోకి మళ్ళించిన ఘనత అన్నయ్యదే అని ఒప్పుకోవాలి, గమ్యం కొంచెం అటుఇటు అయినా. అన్నయ్య స్వయంగా గురువారం గృహకూటానికి రావడం మానేశాడు. ఆ వేళకు బదులు రాయవలసినవి ఉంటాయి.

ఫోను వల్ల మేలు జరగలేదని నేను అనడం లేదు. నాలుగేళ్ళుగా మంచం దిగని మా అత్తయ్య, 2020లో చర్చిలు మూతపడినప్పుడు ఈస్టరు ఆరాధన ఫోనులో చూసింది. అంతకుముందు అందరూ చర్చికి వెళుతుంటే ఆమె ఇంట్లో ఒక్కతే ఉండేది. ఆ రోజు అందరూ ఆమెలాగే ఇంట్లో ఉన్నారు. పురుషోత్తమ చౌదరి కీర్తన వచ్చినప్పుడు గొంతు కలిపింది, చరణాలన్నీ పుస్తకం లేకుండా. కువైట్‌లో ఇంటిపని చేసే మా వీధి అమ్మాయి వారానికి ఒక రాత్రి అమ్మానాన్నలతో ఫోనులో ప్రార్థనలో కలుస్తుంది. పది నిమిషాలు ప్రార్థన, అరగంట ఏడుపు, ఆపైన తమ్ముడి ఫీజు సంగతి. అక్కడ ఎవరూ ఎవరినీ ఓడించడం లేదు. అందుకే కాబోలు వాటిని ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ఆయన ఫోను నిండిపోయి ఆగిపోతోంది. పావురాలు ఎక్కువైపోయాయి. “పాతవన్నీ తీసేసి పెట్టు తమ్ముడూ” అని నా చేతికిచ్చాడు. ఒక్కొక్కరి పేరూ తెరిచి సూర్యోదయాలు చెరుపుకుంటూ వస్తుంటే, ఒకచోట బొమ్మల మధ్య మాటలు కనిపించాయి. పంపింది హేతువాది. గ్రూపులో కాదు, విడిగా. ఆగస్టులో, రాత్రి రెండూ పదికి. ఆయన భార్య పోయిన నెల అది.

“రోజూ నువ్వు పంపేవి చూస్తాను. వెక్కిరించడానికే చూస్తాననుకో. ఒకటి అడుగుతాను, గ్రూపులో పెట్టకు. ఆమె ఎక్కడో ఉందని నువ్వు నిజంగా నమ్ముతావా?”

దాని కింద, అదే రోజు నాలుగు నలభై అయిదుకు, సూర్యుడు, పావురం, పాస్టరుగారు. ఆ కింద మర్నాటి సూర్యుడు. ఆ కింద ఎల్లుండిది.

అన్నయ్యకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చదివాడు. “ఇది ఎప్పుడొచ్చింది?” అన్నాడు. చెప్పాను. ఫోను తీసుకుని నాలుగు మాటలు కొట్టాడు, చెరిపాడు. మళ్ళీ రెండు మాటలు కొట్టాడు, అవీ చెరిపాడు. నలభై నిమిషాల వీడియో దగ్గరికి వేలు వెళ్ళి వెనక్కి వచ్చింది. పాలు పొంగుతున్నాయని వదిన వంటింట్లోంచి కేకేసింది, ఇద్దరమూ లేవలేదు.

“తమ్ముడూ, వాడి ఇల్లు బ్రాడీపేటలో ఏ లైను?” అని అడిగాడు.