‘మునుపటిలా లేదు’ గారికి

గౌరవనీయులైన ‘మునుపటిలా లేదు’ గారికి,

నమస్కారాలు. నిన్న ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి దయచేసినందుకు కృతజ్ఞతలు. రెండున్నరకు వచ్చారు, చీకటి పడ్డాక గానీ కదల్లేదు. నిజానికి మేం మిమ్మల్ని పిలవలేదు. పిలిచింది ఐర్లండ్ రాక్ బ్యాండు యూటూ వాళ్ళ ‘సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్’ ఆల్బమ్‌ని. పదకొండు పాటలు, 48 నిమిషాలు. నలుగురు స్నేహితులం కూర్చుని, ఫోన్లు అవతల పడేసి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక్కసారి విందామనుకున్నాం. మీరొచ్చాక ఐదు గంటలు మాట్లాడుకున్నాం. ప్లే నొక్కలేదు.

సరిగ్గా వినబడలేదేమో, మళ్ళీ చెబుతాను. ప్లే నొక్కలేదు.

ఎలా మొదలైందో మీకు గుర్తుండే ఉంటుంది. డిస్క్ తెచ్చినవాడు దాన్ని కవర్లోంచి తీస్తూ, "పాతవాటిలా మాత్రం ఉండదు, ముందే చెబుతున్నా" అన్నాడు. అంతే, మీరు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

మొదటి గంట ‘ఫ్రీ’ అనే ముక్క మీదే పోయింది. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని మనవాళ్ళంటారు కదా. 2014 సెప్టెంబర్ 9న ఆపిల్ కంపెనీ ఆ సామెతను 119 దేశాల్లో, 50 కోట్ల మంది మీద పరీక్షించి చూసింది. సామెత ఓడిపోయింది. పొద్దున లేచేసరికి తమ పాటల్లో తాము పెట్టని ఈ ఆల్బమే ఫ్రీగా కనబడితే జనం తాగలేదు సరికదా, ఉమ్మేశారు. దాన్ని వదిలించుకోవడానికి ఆ కంపెనీయే వారం తిరక్కుండా ఒక పేజీ తెరవాల్సి వచ్చింది. గుమ్మం ముందు పెట్టాల్సిన పాలసీసాను ఊళ్ళో ప్రతి ఇంట్లోకీ దూరి ఫ్రిజ్‌లో పెట్టేశామని ఆ బ్యాండు గాయకుడు బోనోయే తర్వాత తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీళ్ళు అడక్కుండా నోట్లో కుక్కారు. ఆ తప్పు తప్పే, నేను కాదనను.

కానీ ఇవన్నీ జరిగి ఏళ్ళయింది సార్. మా ముందున్నది డబ్బులు పెట్టి కొన్న డిస్క్. ఫ్రీగా వచ్చినప్పుడు కోపంతో తీసేసి, నెల తర్వాత దుకాణాల్లోకి రాగానే కొనుక్కున్న మహానుభావుడు ఆ డిస్క్ తెచ్చినవాడు. వాడికి ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఉచితం ఎవరికి, బ్యాండుకు ఆపిల్ డబ్బు కట్టింది కదా అని ఇంకొకడు. రేడియోహెడ్ అనే బ్యాండు వాళ్ళు 2007లో తమ ఆల్బమ్ ‘ఇన్ రెయిన్‌బోస్’ ఇచ్చినప్పుడు మీ ఇష్టమొచ్చినంత ఇవ్వండి, సున్నా అయినా సరే అని అడిగి ఇచ్చారు, అదిరా మర్యాదంటే అని మూడోవాడు. కవర్ మీద డ్రమ్మర్ లారీ కన్నకొడుకును పట్టుకుని ఎందుకున్నాడన్న దాని మీద మరో ఇరవై నిమిషాలు. వీటికి మిమ్మల్ని తప్పుపట్టను. మీరు అప్పటికి వేడెక్కుతున్నారంతే.

అసలు కచేరీ పాత రికార్డుల దగ్గర మొదలైంది. రాత్రి నిద్రపట్టక మీ చరిత్ర తిరగేశాను. 1987లో యూటూ వాళ్ళ ‘జాషువా ట్రీ’ ఆల్బమ్ వచ్చింది. ఎడారి, చర్చి పాట, ఆకాశమంత గిటార్. మీరు దాన్ని చూసి ముచ్చటపడి, దాన్నే కొలబద్దగా చేసి జేబులో పెట్టుకున్నారు. 1991లో ‘అక్‌టుంగ్ బేబీ’ వచ్చింది. బెర్లిన్‌లో మొదలుపెట్టి, మధ్యలో బ్యాండే విడిపోయేంత గొడవపడి చేశారు దాన్ని. ఇది నలుగురు మనుషులు ఆ జాషువా చెట్టును నరుకుతున్న చప్పుడని బోనో అంటే, మీరు ఆ చెట్టు కిందే కూర్చుని మునుపటిలా లేదన్నారు. 1997లో ‘పాప్’. అప్పటికి ‘అక్‌టుంగ్ బేబీ’ మీకు మునుపటిదైపోయింది, కాబట్టి దాంతో పోల్చి తిట్టారు. (పర్యటన తేదీలు ముందే ఖాయమైపోవడంతో ‘పాప్’ను హడావిడిగా ముగించారు. మీరు అన్నదాంట్లో కొంత నిజముంది. మీతో వచ్చిన చిక్కే అది, అప్పుడప్పుడూ నిజం చెబుతారు.) 2000లో పాపం వాళ్ళు ఇక మీ బాధ పడలేక మునుపటి దారికే వచ్చారు. అప్పుడేమన్నారు మీరు? "ఇదేంటి, మునుపటిలాగే ఉంది!"

నిన్న మా ఇంట్లో మీ తరఫున గొంతు చించుకున్నవాడు ‘జాషువా ట్రీ’ వచ్చేనాటికి పుట్టనేలేదు. వాడికి ఏ మునుపు గుర్తుందో మీరే చెప్పాలి.

ఇంతవరకూ మర్యాదగానే రాశాను. ఇక నా వల్ల కాదు. ఆ డిస్క్‌లో ఏముందో తెలుసా నీకు? ఐదో పాట బోనో వాళ్ళమ్మ మీద. పేరు ఐరిస్. 1974లో, వాడికి పద్నాలుగేళ్ళప్పుడు పోయింది. ఏడో పాట అదే ఏడాది మేలో డబ్లిన్ వీధుల్లో కార్లలో పేలిన బాంబుల గురించి. ఎనిమిదోది వాడు పెరిగిన సెడార్‌వుడ్ రోడ్ అనే వీధి గురించి. మొదటిది, రామోన్స్ బ్యాండును మొదటిసారి విన్న కుర్రాడి సంబరం. యాభై దాటిన మనిషి వెనక్కి వెళ్ళి, తన మునుపటినంతా తవ్వి తెచ్చి పెట్టాడురా బాబూ. మునుపు గురించి చేసిన రికార్డును చేతిలో పట్టుకుని ఐదు గంటలు మునుపటిలా లేదు, మునుపటిలా లేదు అని కూర్చున్నాం. వినకుండా! ఒక్క పాట, ఒక్క నిమిషం వినకుండా!

జనం తిట్టాక బోనో క్షమాపణ చెప్పాడు. కాస్త అహం, కాస్త ఉదారం, కాస్త సొంత డప్పు అని లెక్క చెప్పి, వీటన్నిటి వెనకా ఒక భయం ఉందన్నాడు. ఏళ్ళ తరబడి ప్రాణం పెట్టి చేసిన పాటలు ఎవరి చెవినా పడకుండా పోతాయేమోనన్న భయమట. అప్పట్లో నేనూ నవ్వాను, 50 కోట్ల మందికి పంచినవాడికి భయమేంటని. నిన్న మా ఇంట్లో నలుగురు వీరాభిమానులు, ఒక డిస్క్, పనిచేసే ప్లేయర్, ఖాళీ మధ్యాహ్నం. అయినా ఆ భయమే నిజమైంది. నీ వల్ల.

క్షమించాలి, ఏకవచనంలోకి దిగిపోయాను.

వాదన తెగక విసుక్కుంటూ వెళ్ళినవాడు డిస్క్ ఇక్కడే మరిచిపోయాడు. పదకొండింటికి నేనొక్కణ్ణే కూర్చుని పెట్టుకున్నాను. రెండో పాటలో బ్యాండు గిటారిస్టు ఎడ్జ్ గిటార్ అందుకోగానే, "1984లో అయితే దీన్ని ఇంకెలా వాయించేవాడో" అని పైకే అనేశాను. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అప్పుడర్థమైంది, మీరు చీకటి పడ్డాక కూడా వెళ్ళలేదని. నాలుగో పాట దాకా నా చెవి దగ్గరే ఉన్నారు. ఐరిస్ పాట వచ్చేసరికి ఎందుకో మీ గొంతు వినబడలేదు. ఐదు నిమిషాల పైన ఉంటుంది ఆ పాట. ఆరోది మొదలవగానే మళ్ళీ వచ్చారనుకోండి.

మీ మీద నాకు పగేం లేదు. మీరే లేకపోతే 1976లో ఒక పద్నాలుగేళ్ళ డ్రమ్మర్ స్కూలు నోటీసు బోర్డు మీద చీటీ పెడితే పుట్టిన బ్యాండు గురించి ఇన్నేళ్ళ తర్వాత ఐదు గంటలు ఎవడు కొట్టుకుంటాడు? మా నలుగురి స్నేహం కూడా సగం మీ పుణ్యమే.

వచ్చే ఆదివారం మళ్ళీ కలుస్తున్నాం. అదే డిస్క్. మిమ్మల్ని రావద్దని అనను, అన్నా ఆగరు. రెండున్నరకే పెడతాం. మీరు మాత్రం మూడుంపావు దాటాక రండి.

ఇట్లు,
నిన్న మీకు కుర్చీ వేసినవాడు