సవరణ: విడిచిన కాటన్ ప్యాంటుకు వెంటనే ఇస్త్రీ వద్దు

కాటన్ ప్యాంట్ల గురించి పోయినసారి రాసినప్పుడు, ఒకరోజు వేసుకుని విడిచిన ప్యాంటుకు వెంటనే వేడి ఇస్త్రీ పెడితే చెమట వాసన పోతుందని, మర్నాడు మళ్ళీ వేసుకోవచ్చని చెప్పాను. అది తప్పు. ఎవరైనా అలా చేసి ఉంటే క్షమించండి.

చెమట, ఒంటి జిడ్డు, దుమ్ము ఇస్త్రీ వేడికి నూలు పోగుల్లో పట్టేస్తాయి. నడుముపట్టీ దగ్గర పసుపు రంగు చారలు పడతాయి. లేత రంగు ప్యాంటయితే అవి తర్వాత ఎన్నిసార్లు ఉతికినా ఒక పట్టాన వదలవు.

నూలు తేమను బాగా పీల్చుకుంటుంది. మామూలు గాలిలోనే దాని బరువులో దాదాపు 8 శాతం నీరుంటుంది, ఇక మన తిరుపతి ఎండల్లో తిరిగొచ్చిన ప్యాంటు సంగతి చెప్పాలా! అందుకే జేబులు ఖాళీ చేసి, లోపలివైపు బయటికి తిప్పి, రాత్రంతా గాలి తగిలేలా వేలాడదీయండి. పగలైతే నీడలోనే, ఎండకు రంగు వెలుస్తుంది. అంచుల దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులపండి. తడి ఆరకుండా బీరువాలో పెడితే బూజు వాసన వస్తుంది.

పొద్దున మరక, వాసన లేకపోతేనే ఇస్త్రీ. అలిపిరి మెట్లెక్కి వచ్చిన ప్యాంటును మాత్రం నేరుగా ఉతికేయండి.