లాగ్ మీద మళ్లీ లాగ్ వద్దు

అల్ట్రాసౌండ్ బొమ్మల్లో కనిపించే చుక్కల గరుకుతనాన్ని, అంటే స్పెకిల్‌ను, తగ్గించడం గురించిన ఒక వ్యాసంలో “స్పెకిల్ గుణక నాయిస్ (సిగ్నల్‌కు కలవకుండా దాన్ని గుణించే నాయిస్) కాబట్టి లాగ్ తీసి, 5×5 మీడియన్ ఫిల్టర్ (ప్రతి పిక్సెల్‌కు చుట్టుపక్కల విలువల మధ్యస్థం పెట్టేది) వేస్తే చాలు” అని రాశారు. తిరుపతిలో ప్రాజెక్టులు చేసే పిల్లలు చాలామంది దీన్నే పట్టుకుంటారు, అందుకే చెబుతున్నా. మెషిన్ ఇచ్చే బీ-మోడ్ బొమ్మకు (మామూలు నలుపు-తెలుపు స్కాన్ బొమ్మ) లాగ్ కంప్రెషన్, అంటే విలువలను లాగ్‌తో కుదించడం, అప్పటికే అయిపోయి ఉంటుంది. మళ్లీ లాగ్ తీస్తే చీకటి భాగాల్లో గరుకుతనం ఇంకా పెరుగుతుంది.

స్పెకిల్ తగ్గించే లీ, ఎస్‌ఆర్‌ఏడీ ఫిల్టర్లు గుణక నమూనా మీద కట్టినవి. వాటికి ముందు లాగ్ విప్పాలి. డైనమిక్ రేంజ్ (బొమ్మలో చూపే అతి బలమైన, అతి బలహీన సిగ్నళ్ల మధ్య తేడా) 60 డెసిబెల్స్ అయితే పిక్సెల్ విలువను 60తో గుణించి 255తో భాగించండి. వచ్చినదాన్ని 20తో భాగించి 10కి ఘాతంగా వేయండి. గ్రే మ్యాప్ (డెసిబెల్ విలువను బూడిద రంగు స్థాయిగా మార్చే పట్టిక) లీనియర్‌గా ఉంటేనే ఈ లెక్క కుదురుతుంది. తర్వాత లివర్‌లో రక్తనాళాలు లేని చిన్న గడి తీసుకుని సగటును ప్రామాణిక విచలనంతో భాగించండి. సుమారు 1.91 రావాలి. బాగా ఎక్కువొస్తే మెషినే ముందుగా నునుపు చేసిందన్నమాట.

పర్సిస్టెన్స్ (వరుస ఫ్రేమ్‌ల సగటు తీసే సెట్టింగ్) పెంచినా స్పెకిల్ పోదు. ప్రోబ్, కణజాలం కదలకపోతే ప్రతి ఫ్రేమ్‌లోనూ అవే చుక్కలు పడతాయి. కోణం మారాలి. కాంపౌండింగ్‌లో, అంటే వేర్వేరు కోణాల నుంచి తీసిన బొమ్మలను కలపడంలో, 9 కోణాలు కలిపితే, అవి పూర్తిగా స్వతంత్రమైతే, సగటు-విచలనాల నిష్పత్తి 3 రెట్లు మెరుగు. కానీ రాయి వెనక నీడ పలచబడుతుంది. కిడ్నీ రాయి చూసేటప్పుడు ఒకసారి కాంపౌండింగ్ ఆపి చూడాల్సిందే.

మీడియన్ సంగతంటారా, థైరాయిడ్‌లోని సన్నటి కాల్షియం చుక్కలను అది స్పెకిల్ మచ్చలతో పాటే తుడిచేస్తుంది. ఫిల్టర్ చేసిన బొమ్మ పక్కన అసలు బొమ్మ తప్పక ఉంచండి.